మా మరిది పగలగొట్టిన స్టవ్

మా మరిది కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు వాడికి తొమ్మిదేళ్లు, ఇప్పుడు యాభై ఆరు. అన్నం తినేటప్పుడు కూడా ఒక కాలు గుమ్మం వైపే ఉంటుంది. స్టవ్ ముందు మాత్రం వేరు. గొంతుక్కూర్చుని, మెడ పక్కకు వాల్చి, బర్నర్ చప్పుడు వింటాడు. అప్పుడు ఇల్లు కూలినా వాడికి పట్టదు.

ఆ పిచ్చి నా స్టవ్‌తోనే మొదలైంది. మా అమ్మ ఇచ్చి పంపిన కొత్త ఇత్తడి పంపు స్టవ్‌ను నేను వచ్చిన మూడో వారమే విప్పి నేలంతా పరిచాడు.

"ఏం పనిరా ఇది?" అని నెత్తి కొట్టుకున్నాను.

"లోపల ఎవరు ఊదుతున్నారో చూద్దామని వదినా."

సాయంత్రానికి మళ్లీ బిగించాడు. చిన్న రేకు బిళ్ల ఒకటి మిగిలిపోయింది. దాన్ని నా అరచేతిలో పెట్టి, "ఇది ఎక్కువైంది, దాచుకో," అన్నాడు. వాళ్లన్న వాడి వీపు విమానం మోత మోగించాడు గానీ, మంట మాత్రం అంతకు ముందుకన్నా బాగా వచ్చింది. వీడు బడిలో పైకి రాడు, వస్తే ఇందులోనే వస్తాడని నేను ఆ రోజే అనుకున్నాను. నేను అనుకున్నవి తప్పడం తక్కువ.

పెద్దయ్యాక భుజాన సంచి వేసుకుని వీధులు పట్టాడు. సంచిలో పిన్నులు, తోలు వాషర్లు, ఒక స్పానరు, ఒక సుత్తి. ఊళ్లో సగం ఇళ్లకు గ్యాసు వచ్చేసింది, మిగతా సగం మా వాడిది. అందరూ స్టవ్ మేస్త్రి అంటారు. మేస్త్రి చేతి కింద స్టవ్ పాడైందన్న మాట ఈ ఊళ్లో ఎవరి నోటా నేను వినలేదు. వాడికి రెండు పట్టింపులు. ఒక వంటింట్లో చూసింది ఇంకో వంటింటి గడప తొక్కనివ్వడు. ఎవరింట్లో ఎవరు ఎవరితో మాట్లాడుకోవడం లేదో, ఎవరి గిన్నె ఖాళీగా ఉందో వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, కానీ నోరు విప్పడు. నేనెన్ని సార్లు కూపీ లాగబోయినా, "నీ స్టవ్ సంగతి నేనెవరికైనా చెప్పానా వదినా?" అని నోరు మూయించేవాడు. రెండోది, బాగుచేసిన ప్రతి స్టవ్‌కూ ట్యాంకు అడుగున మేకుతో ఒక నంబరు గీస్తాడు. ఒకసారి ఎవడో చెత్తగా చేసిన పనిని వీడికి అంటగట్టారు. అప్పటి నుంచి స్టవ్‌కో నంబరు. పుస్తకం లేదు, కాగితం లేదు, అంతా బుర్రలోనే. ట్యాంకు తిరగేసి చూస్తే చాలు, ఎవరిది, ఏ ఏడు ఏ వాషర్ వేశాడు, అన్నీ చెప్పేస్తాడు.

"పెళ్లిరోజు గుర్తుండదు గానీ పక్కింటివాళ్ల వాషర్లు గుర్తుంటాయి," అని మా తోడికోడలు, అంటే వాడి పెళ్లాం, సణుగుతూ ఉంటుంది.

మా ఇంటి సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. మా ఇంట్లో స్టవ్‌లు రెండు. పద్దెనిమిదేళ్ల కిందట ఉప్పు దగ్గర నాకూ మా తోడికోడలికీ మాటా మాటా వచ్చింది. ఆ పూట నుంచి ఆమె స్టవ్ కిటికీ కింద, నా స్టవ్ తలుపు పక్కన. వండటం వేరు. తినేటప్పుడు అందరం ఒకే వరుసలో కూర్చుంటాం, గిన్నెలు అటూ ఇటూ మారుతూనే ఉంటాయి. వాళ్లన్న పోయి పదకొండేళ్లయినా అదే పద్ధతి. బయట ఒక్కరికి తెలియనివ్వలేదు. పరువు గల ఇల్లు మాది.

నాలుగేళ్ల కిందట సరిహద్దు అవతలి నుంచి వాళ్లొచ్చారు. అక్కడ పాలించేవాళ్లు ఒక రోజు పొద్దున్నే, మీరు మావాళ్లు కాదు అన్నారట. అంతే, అదే వాళ్ల తప్పు. మూతపడిన నూలు మిల్లు గోడౌన్‌లో వాళ్లను దింపారు. గుడ్డ తెరలు కట్టి అరలు చేశారు. శరణార్థుల ఆఫీసువాళ్లకు మనుషుల్ని లెక్కపెట్టడం చేతకాలేదు. పొద్దున లెక్కపెడితే పనికి పోయినవాళ్లు తక్కువ, సాయంత్రం లెక్కపెడితే చుట్టపు చూపుగా వచ్చినవాళ్లు ఎక్కువ. మనుషులు కదులుతారు, స్టవ్ కదలదు అని ఎవరికో తట్టింది. ఒక స్టవ్‌కు ఒక కిరసనాయిలు కార్డు ఇచ్చారు. తర్వాత బియ్యం కూడా ఆ కార్డు మీదే, మందులూ ఆ కార్డు మీదే, పిల్లల బడీ ఆ కార్డు మీదే.

కుటుంబం అంటే స్టవ్ అని ఎవరూ కూర్చుని తీర్మానించలేదు. అలా అయిపోయింది. రెండేళ్లకు వాళ్లకు కూడా అదే అలవాటైంది. అక్కడ పెళ్లి జరిగితే రెండు కార్డులు ఆఫీసులో ఇచ్చేసి ఒక కార్డు తెచ్చుకునేవారు. అన్నదమ్ములు పోట్లాడుకుంటే, "నా స్టవ్ మీద నుంచి దిగిపో," అనుకునేవారు.

ఊరికి కూడా ఒక మాట దొరికింది. స్టవ్ ఒకటి, తినే నోరు ఒకటి ఉన్నవాళ్లను ఒంటికార్డువాళ్లు అన్నారు. మొదట అది కార్డు పేరే. తర్వాత మనుషుల పేరైంది. ఎవరింట్లో ఏది కనబడకపోయినా ఒంటికార్డువాళ్ల పనే. తీగ మీద ఆరేసిన నా దుప్పటి పోయినప్పుడు నేనూ ఆ మాటే అన్నాను, కుళాయి దగ్గర, పదిమందిలో. దుప్పటి మూడో రోజు మా మంచం వెనకే దొరికింది. దొరికిన సంగతి కుళాయి దగ్గర చెప్పలేదు.

ఎన్నికలప్పుడు కౌన్సిలరు మా వీధి మలుపులో మైకు పట్టుకుని, "కుటుంబాలు మన అతిథులు. కానీ ఒంటికార్డువాళ్లకు జవాబుదారీ ఎవరు?" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నావీ అందులో ఉన్నాయి. మర్నాడు అర్జీ కాగితం కుళాయి దగ్గరికి వచ్చింది. మా వరుసలో నా వయసు ఆడవాళ్లలో సంతకం పెట్టగలిగింది నేనొక్కదాన్నే. మిగతావాళ్లు వేలిముద్ర. ముందు నన్నే అడిగారు. నాలుగో తరగతి చదువైనా నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. అన్నిటికన్నా పైన, ఒత్తులు కూడా తప్పకుండా, పెద్దగా రాశాను.

కౌన్సిలరు గెలిచాడు. గోడౌన్ ఖాళీ చేయాలని ఆర్డరు వచ్చింది. కుటుంబాలకు మిల్లు క్వార్టర్లలో గదులు. ఒంటికార్డువాళ్లను లారీల్లో కొండ అవతల పాత బ్యారకులకు పంపుతారు, ఆడవాళ్లను ఒక చోటికి, మగవాళ్లను ఇంకో చోటికి. ఇప్పుడు ఆఫీసుకు వచ్చిన అనుమానం ఏమిటంటే, దొంగ కుటుంబాలున్నాయేమో అని. కార్డు ఒకటే ఉండి లోపల స్టవ్‌లు రెండుంటే అవి రెండు కుటుంబాలు, రక్తసంబంధం కాగితం లేకపోతే విడగొట్టాలి. దాన్ని తేల్చడానికి లెక్కల ఆఫీసరు ఒకాయన వచ్చాడు. ఈ ఊళ్లో స్టవ్‌ల సంగతి ఎవరికి తెలుసు అని అడిగితే, అందరూ మా వాడి పేరే చెప్పారు.

ఆ రోజు మా వాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆఫీసు జీపు గుమ్మం ముందుకొచ్చి వాణ్ణి ఎక్కించుకోవడం నేను గేటు దగ్గర నిలబడి, నలుగురూ చూసేదాకా చూశాను.

అక్కడ జరిగింది వాడే వచ్చి చెప్పాడు, మొదట గొప్పగా, తర్వాత వేరేగా. ఒక్కో అరలో స్టవ్ తిరగేసి నంబరు చదువుతుంటే ఆఫీసరు నోరు తెరిచాడట. ఏడో అరలో ఉన్నది ఒక ముసలాయన, ఒక అమ్మాయి. ఆయన్ని టీ తాత అంటారు. ఆమె చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుడుతుంది, గుండీలమ్మాయి అంటారు. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. వచ్చే దారిలో తాతకు జ్వరం వస్తే ఆయన స్టవ్‌ను ఆమె నెత్తిన పెట్టుకుని నడిచింది. గోడౌన్‌లో దిగేసరికి స్టవ్ ఒకటే, కార్డు ఒకటే. పొద్దున్నే తాత టీకి స్టవ్ కదలనివ్వడు, ఆమెకు ఫ్యాక్టరీ వేళ మించిపోతుంది. అందుకని తన జీతంతో ఇంకో పాత స్టవ్ కొనుక్కుంది. రెండింటినీ బాగుచేసింది మా వాడే.

"జాగ్రత్తయ్యా మేస్త్రీ, ఆ స్టవ్ నీకన్నా పెద్దది," అన్నాడట తాత.

మా వాడు రెండు ట్యాంకులూ తిరగేసి, "ఇది నూట పన్నెండు, తాతది. ఇది నూట పదమూడు, అమ్మాయిది. రెండూ నీలం మంట సార్," అన్నాడు. ఆఫీసరు రాసుకున్నాడు.

సోమవారం సాయంత్రం గోడౌన్ గేటుకు జాబితా అంటించారు. చీకటి పడకముందే గుండీలమ్మాయి మా గుమ్మంలో ఉంది. వేళ్ల కొనలకు ఇంకా దారపు పోగులు అంటుకుని ఉన్నాయి.

"మేస్త్రిగారూ, మమ్మల్ని ఇద్దర్నీ ఒంటికార్డుల్లో రాశారు. ఆయన ఒక లారీ, నేనొక లారీ. మీ నంబర్లు చూసే రాశారట కదా?"

మా వాడు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"ఆయనకు కళ్లు సరిగా కనబడవు. స్టవ్‌కు పిన్ను పెట్టి పొడవడం కూడా నేనే చేస్తాను. అక్కడ ఎవరు చేస్తారు?"

"ఏమ్మా, పిల్లను నిలబెట్టి మాట్లాడిస్తావా, కూర్చోబెట్టవా?" అని నేను మా తోడికోడలి మీద అరిచాను. ఏదో ఒకటి అరవాలి కదా.

"కూర్చోను పెద్దమ్మా. శుక్రవారం లారీలు. బుధవారం లోపు అభ్యంతరం ఉంటే చెప్పమన్నారు. గురువారం మళ్లీ చూస్తారట. నంబర్లకు అర్థం ఏమీ లేదని మేస్త్రిగారు ఒక్కమాట చెబితే..."

ఆమె వెళ్లాక మా వాడు వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరగడం మొదలుపెట్టాడు.

"కాలికి చక్రాలున్నాయా నాయనా? నేల అరిగిపోతుంది," అన్నాను.

"నంబరు లేకపోతే ఏమయ్యేది వదినా? రెండు స్టవ్‌లు, ఎవరిదో ఎవరికి తెలుసు? ఎవరిదేదో తెలిసేలా నేనే రాసిపెట్టాను."

మంగళవారం పొద్దున వాడితో నేనూ ఆఫీసుకు బయలుదేరాను. వీడికి స్టవ్‌తో మాట్లాడటం వచ్చు గానీ ఆఫీసర్లతో రాదు. అక్కడ బల్ల మీద ఫైళ్లు నా భుజం ఎత్తున ఉన్నాయి. లెక్కల ఆఫీసరు మర్యాదస్థుడే, నాకు కుర్చీ వేయించాడు.

"సార్, ఆ నంబర్లకు అర్థం లేదు. అవి నా గుర్తులు," అన్నాడు మా వాడు.

"నువ్వే కదయ్యా తాతది, అమ్మాయిది అని విడివిడిగా చెప్పావు?"

"స్టవ్‌లు రెండున్నంత మాత్రాన ఇల్లు రెండు కాదు సార్."

"మరి ఇల్లంటే ఏమిటి? నువ్వు చెప్పు, రాసుకుంటాను."

మా వాడు తల గోక్కున్నాడు. నా వైపు చూశాడు. నేను కళ్లతో వద్దన్నాను, ఏం చెప్పబోతున్నాడో నాకు తెలిసిపోయింది. వాడు చెప్పేశాడు.

"మా ఇంట్లో స్టవ్‌లు రెండు సార్. మా వదినది ఒకటి, మా ఆవిడది ఒకటి. పద్దెనిమిదేళ్లు. మేం రెండు కుటుంబాలా?"

పక్క బల్లల దగ్గర గుమాస్తాలు తలలెత్తారు. అందులో ఒకతను మా వెనక వీధివాడే. నా ముఖం కాలిపోయింది. ఒకరి వంటింటి మాట ఇంకొకరి దగ్గర ఎత్తని మనిషి, ఎత్తక ఎత్తక మా వంటింటినే బజారుకెక్కించాడు.

ఆఫీసరు చిన్నగా నవ్వాడు. "మీ ఇంట్లో పది స్టవ్‌లున్నా నాకు పనిలేదు. మీరు ఇక్కడివాళ్లు. మీ కుటుంబం ఏదని మిమ్మల్ని ఎవరూ అడగరు."

"మరి వాళ్లను ఎవరడిగారు?" అన్నాను నేను. నోరు ఊరుకోదు కదా.

"ఊరు అడిగిందమ్మా." ఒక ఫైలు లాగి విప్పాడు. "ఒంటికార్డువాళ్లు మాకొద్దు అని నాలుగు వందల మంది. ఇదిగో." వేలు పైవరుస మీద పెట్టి నా పేరు ఇంటిపేరుతో సహా చదివాడు. "ఎవరో గానీ చేతిరాత చక్కగా ఉంది."

నేనేనని చెప్పాను. అబద్ధమాడే అలవాటు లేదు.

"ఇది కొట్టేయండి బాబూ," అన్నాను.

"కొట్టేస్తే కింద ఇంకా మూడు వందల తొంభై తొమ్మిది ఉంటాయమ్మా. పైగా ఇది ఇప్పుడు అర్జీ కాదు, ఆర్డరు."

తిరిగి వచ్చేటప్పుడు ఎండ మాడ్చేస్తోంది. మా వాడు నాకన్నా నాలుగడుగులు ముందు నడుస్తున్నాడు. మా వీధి మలుపులో ఆగి, వెనక్కి చూడకుండానే, "ఒత్తులు కూడా తప్పలేదు వదినా," అన్నాడు. నేను ఆ పూట అన్నం ముట్టలేదు. మా తోడికోడలు తన స్టవ్ మీద వండింది తెచ్చి పెట్టింది, దాన్నీ ముట్టలేదు.

బుధవారం పదిగంటలకు వాడు సంచి సర్దుతుంటే చూశాను. పిన్నుల డబ్బా తీసి పక్కన పెట్టాడు. ఉలి వేసుకున్నాడు. స్టవ్ పనికి ఉలి ఎందుకని అడిగేలోపే గుమ్మం దాటాడు. వెనకే వెళ్లాను.

టీ తాత తన అరలో టీ మరిగిస్తున్నాడు. ఆయన స్టవ్ ట్యాంకు మీద ఇత్తడి అరిగి అరిగి పలచబడి అద్దంలా ఉంది. గుండీలమ్మాయి ఫ్యాక్టరీకి పోయింది.

"రావయ్యా మేస్త్రీ. కూర్చోమ్మా. గ్లాసు కడుగుతాను."

"ముందు మీరు తాగండి తాతా."

తాత ఊదుకుంటూ, చప్పరిస్తూ, పావుగంట తాగాడు. మా వాడు నిలబడే ఉన్నాడు, కాలు మార్చి కాలు. తాత గ్లాసు కింద పెట్టాక మర విప్పి గాలి వదిలాడు. ట్యాంకులో కిరసనాయిలంతా సీసాలోకి వంచాడు. బాగుచేస్తున్నాడని తాత అనుకున్నాడు, "వాషర్ మార్చాలంటావా?" అని కూడా అన్నాడు. మా వాడు ట్యాంకును మోకాళ్ల మధ్య పెట్టుకుని, అడుగు అంచు అతుకు మీద ఉలి ఆనించి సుత్తితో మూడు దెబ్బలు కొట్టాడు. తర్వాత బర్నర్ బిగించే మూతి మీద రెండు. ఎక్కడ కొడితే ఇక ఏ మేస్త్రీ అతకలేడో వాడికి తెలుసు.

"ఒరేయ్! నా పెళ్లాం కొన్న స్టవ్ రా అది!"

తాత చేతికందిన గ్లాసుతో మా వాడి భుజం మీద కొట్టాడు. రెండో దెబ్బ నేను ఆపబోతే మా వాడు నన్ను పక్కకు నెట్టాడు.

"కొట్టండి తాతా. కానీ రేపు ఆఫీసరు వస్తే ఇక్కడున్నది ఒకటే స్టవ్."

"నన్నడిగావా?"

"అడిగితే ఒప్పుకునేవారా?"

"చచ్చినా ఒప్పుకునేవాణ్ణి కాదు!"

"అందుకే అడగలేదు."

తాత ఆ ఇత్తడి ముక్కల్ని ఒళ్లో పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయాడు. అమ్మాయి వచ్చాక ఆమెతోనూ మాట్లాడలేదట. ఇప్పుడు నా భయం అదే. రేపు ఆఫీసరు అడిగితే, ఈ మంకు ముసలాయన కోపంతో, అవును నేను వేరు, ఆమె వేరు అనేస్తే? ఒక మాట చాలు, మా వాడు ఉత్త పుణ్యానికి స్టవ్ పగలగొట్టినవాడవుతాడు.

గురువారం ఆఫీసరు ఇద్దరు గుమాస్తాలతో వచ్చాడు. ఏడో అర ముందు మేం ముందే ఉన్నాం. అమ్మాయి ఆ రోజు పనికి వెళ్లలేదు. తన స్టవ్ మీద టీ పెడుతోంది.

"రెండో స్టవ్ ఏది?"

"పాడైంది సార్," అన్నాడు మా వాడు.

"ఎవరు పాడుచేశారు?"

వెనక నలభై మంది ఉన్నారు. అందరి స్టవ్‌లూ మా వాడు బాగుచేసినవే.

"నేనే సార్. బాగుచేయబోతే చేయి జారింది. పనికిరాకుండా పోయింది."

వెనక ఎవరో "మేస్త్రి చేతిలోనా?" అన్నారు. మా వాడు తల వంచుకున్నాడు. నలభై ఏళ్ల పేరు అలా నేల మీద పడింది. నేను తల తిప్పుకున్నాను.

ఆఫీసరు తాత వైపు తిరిగాడు. "మరి మీ టీ ఎలా తాతగారూ?"

తాత గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. అమ్మాయి గ్లాసులో పోసి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు.

"దీన్ని టీ అంటారా అయ్యా? గిన్నె కడిగిన నీళ్లు! ఆకు మరగనివ్వదు. నాలుగేళ్లుగా మొత్తుకుంటున్నాను. ఒక్కనాడు నా మాట వింటే ఒట్టు!"

"అలాగని వదిలేశారా? రెండో గ్లాసు అడక్కుండా ఉన్నారా ఏనాడైనా?" అని ఆ పిల్ల గయ్యిమంది. "అందరి ముందూ నా టీని అంటారా?"

"అంటాను. ఇంకా అంటాను. పెద్దవాణ్ణి, అనకూడదా?"

ఇద్దరూ ఆఫీసరున్నాడన్న సంగతే మరిచారు. చక్కెర దగ్గర మొదలై, కిరసనాయిలు వృథా దగ్గరికి వెళ్లి, మొన్న ఆయన మందు వేసుకోకపోవడం దాకా వచ్చారు. గుమాస్తాలు నవ్వు ఆపుకోలేకపోతున్నారు. ఆఫీసరు అట్టమీద కాగితంలో ఏదో కొట్టేసి ఏదో రాశాడు.

"ఒకటే," అన్నాడు.

పోతూ మా వాడి పక్కన ఆగి నెమ్మదిగా అన్నాడు. "నీ చేయి జారిందంటే నేను నమ్మను మేస్త్రీ. కానీ రాసుకోవడానికి ఆ మాట చాలు."

ఆఫీసరు ఎనిమిదో అరలోకి అడుగు పెట్టాడో లేదో, వెనక వరుస నుంచి ఒక వంటవాడు పరుగెత్తుకొచ్చి మా వాడి చేయి పట్టుకున్నాడు. "మేస్త్రీ, నాదీ పగలగొట్టు. త్వరగా." అతని వెనక ఒక నేతగాడు. ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. ఆ నిమిషంలో అన్నదమ్ములైపోయారు. ఒక విధవరాలు ఇంకో విధవరాలిని, "నువ్వు అక్కవా, నేనా?" అని అడుగుతోంది. ఆఫీసరు ముందు వరుసల్లో ఉంటే వెనక వరుసల్లో సుత్తి చప్పుడు. ఆయనకు వినబడకుండా ఎలా ఉంటుంది? కనబడ్డ స్టవ్‌కు ఒక కుటుంబం చొప్పున రాసుకుంటూ, వినబడనట్టే నడిచాడు. మా వాడు ఆ పూట ఎనిమిది స్టవ్‌లు పగలగొట్టాడు. అన్నీ వాడు బాగుచేసినవే, అన్నీ మంచి మంటవే. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, చేతులకు ఇత్తడి గీరుకుని రక్తం వస్తోంది, "ఇంకెవరు, ఇంకెవరు?" అంటూ తిరుగుతున్నాడు.

అందరికీ జోడీ దొరకలేదు. ఈలపాట పాడే మనిషి ఒకడు ఉన్నాడు, అతణ్ణి తమవాడనడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఎందుకో నాకు తెలుసు. పోయిన దుప్పట్లన్నీ ఊరు అతని మీదే వేసింది, గోడౌన్‌వాళ్లు కూడా ఆ మాట నమ్మారు. అతను తన స్టవ్‌ను చంకలో పెట్టుకుని మా వాడి దగ్గరికి వచ్చి, "నాది ఉంచెయ్ మేస్త్రీ, నాకు పనికొస్తుంది," అన్నాడు. శుక్రవారం లారీలు వెళ్లాయి. ముప్పై ఒక్క మంది, ముప్పై ఒక్క స్టవ్‌లు.

ఊళ్లో మా పరువు ఏమైందో వేరే చెప్పక్కర్లేదు. మేస్త్రికి చేయి వణుకు వచ్చిందట అని నాలుగు వీధులవాళ్లు పిలవడం మానేశారు. వెనక వీధి గుమాస్తా పుణ్యమా అని మా రెండు స్టవ్‌ల సంగతి కుళాయి దాకా చేరింది. మా తోడికోడలు, "పోయిన పరువు ఎలాగూ పోయింది అక్కా, ఆ ఉప్పు సంగతి ఇప్పటికైనా తేల్చుకుందామా?" అంది. తప్పు నాది కాదని నేను మళ్లీ చెప్పాను. ఆమె మళ్లీ అలిగింది.

నేను కుళాయి దగ్గర నా దుప్పటి దొరికిందని చెప్పాను. ఎవరూ పెద్దగా వినలేదు. తర్వాత ఒక కొత్త అర్జీ రాశాను. ఏడు వరుసలు. ఒంటికార్డు అనేది మనిషి పేరు కాదని, ముందు పెట్టిన సంతకం నేను తెలియక పెట్టింది కాదని, తెలిసే పెట్టానని, ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. కింద ఒక్క సంతకమే ఉంది. ఆఫీసులో ముద్ర వేసి తీసుకున్నారు. ప్రతి సోమవారం వెళ్లి ఏమైందని అడుగుతున్నాను. గుమాస్తాలు నన్ను చూడగానే టీకి లేస్తున్నారు. లేవనీ, నేను వాళ్లొచ్చేదాకా కూర్చుంటాను.

మా వాడు ఆదివారం ఆదివారం బస్సెక్కి కొండ అవతలికి పోతున్నాడు, మూడు గంటల దారి. అక్కడ స్టవ్‌లకు వాషర్లు వేసి వస్తాడు. నంబర్లు గీయడం లేదు. మొన్న తిరిగి వచ్చినవాడు చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, అక్కడ లెక్క వేరట."

"ఏమిటట?"

"అక్కడ కొత్త ఆఫీసరు. అక్కడివాళ్లకు స్టవ్ ముఖ్యం కాదట, తాళం ముఖ్యమట. ఒకే తాళం వేసుకుని పనికి పోయేవాళ్లంతా ఒక కుటుంబమట. కుటుంబాలైతే ఇటు పంపే ఆలోచన చేస్తారట."

"అయితే?"

"ఈలపాటాయన, ఇంకో ఇద్దరు కలిసి ఒక తాళం కొన్నారు. ఆ ఇద్దరికీ దుప్పట్ల కథ తెలియదు. దానికి చెవి ఒకటే. ముగ్గురివీ మూడు వేర్వేరు షిఫ్టులు. బుధవారం లోపు ఇంకో రెండు తాళంచెవులు కావాలి." జేబులోంచి తాళంచెవి తీసి అరచేతిలో తిప్పి తిప్పి చూస్తున్నాడు. స్టవ్ విప్పిన చేతికి ఇది కొత్త. "నాకు ఈ పని రాదు వదినా. ఎవరికొచ్చు?"

సైకిల్ షాపు పక్క సందులో ఒక సాయిబుగారు చేస్తారని చెప్పాను.

"అన్నం పెట్టేశాను, తిని పోండి!" అని కిటికీ దగ్గర్నుంచి మా తోడికోడలు కేక వేసింది. అప్పటికే వాడు వీధిలో ఉన్నాడు. నేను కూడా చెప్పులు వేసుకున్నాను. ఆ సాయిబుగారు చెవులు వినబడని మనిషి, గట్టిగా మాట్లాడేవాళ్లు కావాలి.